క్లిప్పుల చుట్టూ తెల్ల మచ్చ: నాలుగు వారాల లెక్క

ఎత్తు పళ్లకో వంకర పళ్లకో క్లిప్పులు వేయించుకున్న పిల్లలు వాటిని సగటున 20 నెలల దాకా ఉంచుకోవాలి. క్లిప్పు చుట్టూ పంటి పై పొర, అంటే ఎనామిల్, చెడటం మొదలవడానికి మాత్రం 4 వారాలు చాలు. 1988లో నార్వే పరిశోధకుడు బ్యోర్న్ ఓగార్డ్ బృందం ఈ సంగతిని పిల్లల నోట్లోనే చూసింది. చికిత్సలో భాగంగా ఎలాగూ తీసేయాల్సిన పళ్లకు, పాచి నిలిచేలా ప్రత్యేకంగా చేసిన పట్టీలు తొడిగారు. అదనంగా ఫ్లోరైడ్ ఏదీ ఇవ్వలేదు. నాలుగు వారాలకు చూస్తే కంటికి కనిపించే తెల్ల మచ్చలు ఉన్నాయి. మన దగ్గర ఆర్థోడాంటిస్టులు తీగ మార్చడానికో బిగించడానికో దాదాపు నెలకోసారి రమ్మంటారు. అంటే ఒకసారి చూపించుకుని వచ్చి, మళ్లీ వెళ్లే లోపే నష్టం మొదలైపోవచ్చు.

ఆ నెల రోజులూ పంటిని కాపాడాల్సింది ఇంట్లో ఉన్న బ్రష్షు, పేస్టు, అవసరమైతే మౌత్‌వాష్. వీటిలో ఏది ఎంత పనిచేస్తుందో, ఏది ఎందుకు పనిచేయదో అంకెల్లో చూస్తే చాలా సందేహాలు తీరతాయి. పళ్ల వరస సరిచేయడానికి వేలకు వేలు పోసి, ఏడాదిన్నర రెండేళ్లు తిరిగి, చివరికి వరస కుదిరిన పళ్ల మీద తెల్ల మచ్చలు చూసుకుని బాధపడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ మచ్చల్లో చాలాభాగం ఆపగలిగినవే. అందుకే ఇంత వివరంగా చెప్పుకోవడం.

ఎంతమందికి వస్తుంది?

1982లో అమెరికాలో గోర్లిక్, గైగర్, గ్విన్నెట్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో ఇప్పటికీ మొదట గుర్తుకొచ్చేది. చికిత్స పూర్తయినవాళ్లలో దాదాపు 50 శాతం మందికి కనీసం ఒక పంటి మీదైనా తెల్ల మచ్చ కనిపించింది. అసలు క్లిప్పులే వేయించుకోని వాళ్లలో 24 శాతం మందికి ఉంది. ఈ రెండో అంకెను చాలామంది వదిలేస్తారు. క్లిప్పులు లేకపోయినా నలుగురిలో ఒకరికి మచ్చలు ఉంటాయన్నమాట. కాబట్టి క్లిప్పులు కొత్త జబ్బును తేవు, ఉన్న ముప్పును రెట్టింపు చేస్తాయి.

2011లో వర్జీనియాలో చేసిన మరో అధ్యయనం సమయం లెక్క చెప్పింది. అప్పుడే క్లిప్పులు వేయించుకోబోతున్న వాళ్లలో మచ్చలున్నవారు 11 శాతం. ఆరు నెలలు గడిచినవాళ్లలో 38 శాతం. ఏడాది గడిచినవాళ్లలో 46 శాతం. ఇవి ఒకే పిల్లల్ని వెంబడించి తీసిన అంకెలు కావు, మూడు వేర్వేరు బృందాలవి. అయినా అవి చెబుతున్నది స్పష్టమే: పెద్ద గంతు మొదటి ఆరు నెలల్లోనే పడింది, తర్వాతి ఆరు నెలల్లో పెరిగింది 8 శాతమే. "ముందు క్లిప్పులకు అలవాటు పడనీ, బ్రష్ సంగతి తర్వాత చూద్దాం" అనుకునే ఇళ్లకు ఈ అంకె ఒక హెచ్చరిక. నోరు నొప్పిగా ఉండి, బ్రష్ చేయబుద్ధి కాని ఆ మొదటి వారాలే అసలైన గండం.

అదే ఏడాది మిషిగన్ విశ్వవిద్యాలయంలో 350 మంది ఫొటోలు ముందూ వెనకా పోల్చి చూస్తే 72.9 శాతం మందికి కొత్త మచ్చలు వచ్చినట్టు తేలింది. 2015లో 14 అధ్యయనాలను కలిపి లెక్కించిన సమీక్ష, కొత్తగా మచ్చలు వచ్చినవారు 45.8 శాతమనీ, పాతవీ కొత్తవీ కలిపి మచ్చలున్నవారు 68.4 శాతమనీ తేల్చింది. ఒకచోట 46, మరోచోట 73 ఎందుకంటే కొలిచే పద్ధతి వేరు. పన్ను ఆరబెట్టి చూస్తే ఎక్కువ దొరుకుతాయి, తడిగా చూస్తే తక్కువ. సన్నని గీతను కూడా లెక్కలో వేస్తే ఎక్కువ, పెద్ద మచ్చనే వేస్తే తక్కువ. తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: ఈ లెక్కల ప్రకారం చూస్తే, దాదాపు ఇద్దరిలో ఒకరు, లేదా అంతకన్నా ఎక్కువే. ఊరట ఏమిటంటే మిషిగన్ మచ్చల్లో గుంట పడి పుచ్చుగా మారినవి 2.3 శాతమే. చాలా మచ్చలు మధ్యలోనే ఆగుతాయి, లేదా ఆపవచ్చు.

మచ్చ లోపల ఏం జరుగుతుంది?

ఎనామిల్ బరువులో 96 శాతం ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన హైడ్రాక్సీఅపటైట్ అనే స్ఫటికాలు అవి. ముందు పళ్ల మీద దీని మందం సుమారు ఒక మిల్లీమీటరు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది. ఎనామిల్‌కు ఆ వీలు లేదు. దాన్ని తయారుచేసిన కణాలు పన్ను బయటికి వచ్చేసరికే అంతరించిపోతాయి. పోయిన ఖనిజం ఉమ్మిలోంచి కొంత తిరిగి చేరగలదు తప్ప, కొత్త ఎనామిల్ పుట్టదు.

పాచిలో ఉండే బాక్టీరియా చక్కెరను తిని ఆమ్లం వదులుతుంది. అక్కడి పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కన్నా తగ్గితే స్ఫటికాలు కరగడం మొదలవుతుంది. 1940ల్లో రాబర్ట్ స్టీఫన్ అనే అమెరికా శాస్త్రవేత్త చక్కెర నీళ్లతో పుక్కిలించాక పాచిలో పీహెచ్ ఎలా మారుతుందో కొలిచాడు. కొద్ది నిమిషాల్లోనే అది పడిపోతుంది. మళ్లీ మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. పాచి మందంగా ఉంటే ఇంకా ఆలస్యం.

ఇప్పుడు ఒక మామూలు బడి రోజు లెక్కేయండి. పొద్దున చక్కెర వేసిన పాలు, విరామంలో బిస్కెట్లు, మధ్యాహ్నం భోజనం తర్వాత చాక్లెట్, ట్యూషన్‌కు వెళ్లేముందు టీ, దారిలో కూల్ డ్రింక్, పడుకోబోయే ముందు మళ్లీ పాలు. ఆరు సార్లు. ఒక్కోసారి కనీసం అరగంట వేసుకున్నా రోజుకు 3 గంటలు ఎనామిల్ కరిగే స్థితిలో ఉన్నట్టే. ఇదే తీపిని భోజనంతో పాటే తినిపిస్తే సార్లు మూడుకు తగ్గుతాయి, గంటలు సగమవుతాయి. తిన్న చక్కెర మోతాదు కన్నా ఎన్నిసార్లు తిన్నారన్నదే పంటికి ముఖ్యం.

క్లిప్పు దీన్ని ఎలా పెంచుతుందంటే, దాని అంచుకూ చిగురుకూ మధ్య మిగిలే సన్నని జాగాలో పాచి కూర్చుంటుంది. బ్రష్ అక్కడికి నేరుగా అందదు. పెదవి, నాలుక కదలికలతో సహజంగా జరిగే శుభ్రత తగ్గిపోతుంది. ఉమ్మి పారుదల తక్కువగా ఉండే పై దవడలో ఇది ఇంకా ఎక్కువ. గోర్లిక్ బృందం చూసినవాళ్లలో ఎక్కువగా దెబ్బతిన్నవి పై వరసలో, ముందు రెండు పళ్లకు అటూ ఇటూ ఉండే పక్క పళ్లు. అదే అధ్యయనంలో మరో విశేషం ఉంది. కింది ముందు పళ్ల లోపలి వైపు, నాలుకను ఆనుకుని చాలాకాలం అతికించి ఉంచిన తీగ దగ్గర ఒక్క మచ్చ కూడా కనిపించలేదు. అక్కడ ఉమ్మి గ్రంథులు దగ్గర్లోనే ఉంటాయి, పన్ను ఎప్పుడూ ఉమ్మిలో తడుస్తూ ఉంటుంది. అతికించిన లోహం ఒక్కటే పంటికి హాని చేయదు, ఉమ్మి అందక నిలిచిపోయిన పాచి చేస్తుంది. మందుల కొట్టులో ఏ సీసా కొన్నా, శరీరం తయారుచేసుకునే ఈ ద్రవానికి అది తోడు మాత్రమే.

మచ్చ తెల్లగా ఎందుకు కనిపిస్తుంది? ఆమ్లం పై పొరను దాదాపు అలాగే ఉంచి, దాని కింది నుంచి ఖనిజాన్ని లాగేస్తుంది. లోపల సూక్ష్మ రంధ్రాలు ఏర్పడతాయి. కాంతి ఎంత వంగుతుందో చెప్పే వక్రీభవన గుణకం ఎనామిల్‌కు 1.62, నీటికి 1.33, గాలికి 1. తేడా ఎక్కువైతే కాంతి ఎక్కువ చెదురుతుంది. రంధ్రాల్లో నీళ్లుంటే కాంతి కొంత చెదురుతుంది, గాలి ఉంటే బాగా చెదిరి సున్నంలా తెల్లగా కనిపిస్తుంది. అందుకే డాక్టర్లు గాలి ఊది పన్ను ఆరబెట్టి చూస్తారు. ఆరబెడితేనే కనిపించే మచ్చ లేతది. తడిగా ఉన్నా కనిపిస్తోందంటే ఖనిజ నష్టం ఎక్కువైందని. ఇంట్లోనూ దీన్ని చూడవచ్చు. పిల్లవాడు బ్రష్ చేసుకున్నాక పెదవి పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో పై పళ్లు తుడిచి, సెల్‌ఫోన్ టార్చి వేసి క్లిప్పుకూ చిగురుకూ మధ్య జాగాను చూడండి. నెలలో ఒక్క ఆదివారం చాలు.

ఫ్లోరైడ్ అంటే భయం ఎక్కడిది?

ఫ్లోరైడ్ పంటి మీద ఉంటే, కరిగిన ఖనిజం తిరిగి చేరేటప్పుడు అది కూడా స్ఫటికంలో కలుస్తుంది. ఫ్లోరైడ్ నిండిన స్ఫటికం పీహెచ్ 4.5 దాకా తట్టుకుంటుంది. 5.5కూ 4.5కూ తేడా ఒకటే అనిపిస్తుంది గాని, పీహెచ్‌లో ఒక మెట్టు అంటే పది రెట్ల ఆమ్లం. ఈ పని జరగాలంటే ఫ్లోరైడ్ మింగనక్కర్లేదు, పంటిని తాకుతూ ఉండాలి. రోజూ, కొద్దికొద్దిగా.

తెలుగు ఇళ్లలో ఈ మాట చెప్పగానే వచ్చే ప్రశ్న నల్గొండ. అది న్యాయమైన ప్రశ్న. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. నల్గొండ పల్లెలు వంగిపోయిన కాళ్లు, గోధుమ రంగు పళ్లు తరతరాలుగా చూశాయి. నీటిలోంచి ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తొలగించే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు. ఆ అనుభవం ఉన్న నేల మీద ఫ్లోరైడ్ పేస్టు వాడమంటే జంకడం సహజం.

రెండింటి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూద్దాం. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు రోజుకు 2 లీటర్లు తాగితే 8 మిల్లీగ్రాములు కడుపులోకి పోతాయి, ఏళ్ల తరబడి. 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు) పేస్టు ఒక గ్రాము బ్రష్ మీద వేసుకుంటే అందులో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము. రెండు పూటలకు 2. అందులో చాలాభాగం ఉమ్మేస్తాం.

ఇంకో ముఖ్యమైన తేడా వయసు. పళ్ల మీద ఫ్లోరోసిస్ మచ్చలు పడేది దవడ లోపల ఎనామిల్ తయారయ్యే కాలంలో. జ్ఞాన దంతాలు తప్ప మిగతా శాశ్వత దంతాల ఎనామిల్ ఎనిమిదేళ్ల లోపే పూర్తయిపోతుంది. పన్నెండేళ్లకో పద్నాలుగేళ్లకో క్లిప్పులు వేయించుకున్న పిల్లల ముందు పళ్లకు పేస్టు వల్ల ఫ్లోరోసిస్ కొత్తగా రావడం సాధ్యం కాదు. నీటి విషయంలో భయం నిజం. బ్రష్ మీది పేస్టు విషయంలో, ఉమ్మడం వచ్చిన పిల్లలకు, ఆ భయం అక్కర్లేదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లోరైడ్ టూత్‌పేస్ట్‌ను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఇంట్లో ఆరేళ్ల లోపు తమ్ముడో చెల్లెలో ఉంటే అన్నయ్య మౌత్‌వాష్ సీసా వాళ్లకు అందనివ్వకండి. వాళ్ల పళ్లు ఇంకా లోపల తయారవుతున్నాయి, పైగా పుక్కిలించమంటే మింగేస్తారు.

ట్యూబు మీద ఏం చదవాలి?

మన దేశ నిబంధనల ప్రకారం బజారులో అమ్మే ఫ్లోరైడ్ టూత్‌పేస్ట్‌లో 1000 పీపీఎం మించకూడదు, ఎంత ఉందో ట్యూబు మీదా డబ్బా మీదా ముద్రించాలి. కాబట్టి అంకె కోసం వెతకండి. కొన్నిటి మీద రసాయనం శాతం రాస్తారు: సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ 0.76 శాతం అన్నా, సోడియం ఫ్లోరైడ్ 0.22 శాతం అన్నా దాదాపు 1000 పీపీఎం ఫ్లోరైడే. మొదటి రసాయనం బరువులో ఫ్లోరైడ్ 13 శాతం, రెండోదానిలో 45 శాతం. అందుకే అంకెలు అంత తేడాగా కనిపిస్తాయి. గడువు తేదీ కూడా చూడండి.

వేప, లవంగం, బొగ్గు అంటూ వచ్చే పేస్టుల్లో చాలావాటిలో ఫ్లోరైడ్ ఉండదు. పిల్లల పేస్టుల్లో కొన్నిటిలో 500 పీపీఎం లోపే ఉంటుంది. పుచ్చు నివారణ మీద జరిగిన పరీక్షలను కలిపి చూసి 2010లో వచ్చిన కోక్రేన్ సమీక్ష ప్రకారం 1000 నుంచి 1250 పీపీఎం పేస్టులు పుచ్చును సుమారు 23 శాతం తగ్గించాయి. 2400 నుంచి 2800 పీపీఎం పేస్టులు 36 శాతం. 550 పీపీఎం, అంతకన్నా తక్కువ ఉన్నవి ఫ్లోరైడ్ లేని పేస్టు కన్నా మెరుగని నిరూపించుకోలేకపోయాయి. వేప పుల్ల మీద నాకు గౌరవం ఉంది. క్లిప్పులున్న నోటికి మాత్రం అది సరిపోదు, తీగ కిందికి పోదు.

మౌత్‌వాష్ దగ్గర ఎక్కువమంది పొరపడతారు. మందుల కొట్టుకెళ్లి "పంటి డాక్టర్ మౌత్‌వాష్ రాశారు" అంటే చాలాసార్లు చేతికొచ్చేది క్లోర్‌హెక్సిడిన్, 0.2 శాతం. అది బాక్టీరియాను అణచే మందు, చిగుళ్ల వాపుకు మంచిది. ఫ్లోరైడ్ కాదు. వారాల తరబడి వాడితే పళ్ల మీద గోధుమ రంగు చారలు పడతాయి, నాలుక రుచి మారుతుంది. పేస్టులో నురగ తెప్పించే పదార్థం దాని బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి బ్రష్ చేశాక కనీసం అరగంట ఆగాలి. డాక్టర్ చెప్పినన్ని రోజులే వాడి ఆపేయాలి. ఎనామిల్ కోసం కావలసిన సీసా మీద సోడియం ఫ్లోరైడ్ 0.05 శాతం అని ఉంటుంది. అంటే సుమారు 226 పీపీఎం. 10 మిల్లీలీటర్లు పోసుకుంటే అందులో ఫ్లోరైడ్ 2.3 మిల్లీగ్రాములు.

ఈ 226 అన్న అంకె ఒక తప్పును పట్టిస్తుంది. చాలామంది బ్రష్ చేసిన వెంటనే మౌత్‌వాష్ పుక్కిలిస్తారు. 1000 పీపీఎం పేస్టు పంటి మీద ఉండగా, దాన్ని 226 పీపీఎం నీళ్లతో కడిగేసుకోవడమే అది. మౌత్‌వాష్‌కు వేరే సమయం పెట్టుకోవాలి. బడి నుంచి రాగానే అయితే బాగుంటుంది: ఒక నిమిషం పుక్కిలించి ఉమ్మేసి, అరగంట ఏమీ తినకుండా తాగకుండా ఉండాలి.

పరీక్షలు ఏం తేల్చాయి?

2014లో స్వీడన్‌లో సోనెసన్ బృందం క్లిప్పులున్న 424 మంది పిల్లల్ని రెండు భాగాలు చేసింది. సగం మందికి 1450 పీపీఎం పేస్టు, సగం మందికి 5000 పీపీఎం పేస్టు. క్లిప్పులు తీశాక మామూలు పేస్టు వాడినవాళ్లలో 26.6 శాతం మందికి, బలమైన పేస్టు వాడినవాళ్లలో 18.1 శాతం మందికి కొత్త మచ్చలు కనిపించాయి. "మూడో వంతు తగ్గింది" అని దీన్ని చెప్పవచ్చు, అది నిజమే. ఇంకోలా చెబితే తేడా 8.5 శాతం, అంటే సుమారు 12 మంది పిల్లలు ఆ పేస్టు వాడితే ఒకరికి మచ్చలు తప్పాయి. రెండూ ఒకే లెక్క. ప్రకటనల్లో మొదటిదే కనిపిస్తుంది, ఇంట్లో నిర్ణయానికి రెండోదే పనికొస్తుంది. 5000 పీపీఎం పేస్టు డాక్టర్ రాస్తేనే వాడాల్సిన మందు. బ్రిటన్‌లో పదహారేళ్ల లోపు వాళ్ల కోసం దానికి అనుమతి లేదు.

మౌత్‌వాష్ మీద 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించిన పరీక్షలో 81 మంది చివరిదాకా ఉన్నారు. 250 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న ద్రవం రోజూ పుక్కిలించినవాళ్లలో 31 శాతం మందికి, ఫ్లోరైడ్ లేనిది పుక్కిలించినవాళ్లలో 47 శాతం మందికి మచ్చలు వచ్చాయి. తేడా 16 శాతం, అంటే ఆరుగురిలో ఒకరికి మేలు. పేస్టు పరీక్షలో 12 మందికి ఒకరు, ఇక్కడ ఆరుగురికి ఒకరు కాబట్టి మౌత్‌వాషే మిన్న అనుకోకూడదు. ఆ పరీక్ష రెండు బలాల పేస్టులను పోల్చింది, ఇది ఫ్లోరైడ్ ఉన్నదానికీ లేనిదానికీ పోలిక. 81 మంది అన్నది చిన్న సంఖ్య కూడా.

డాక్టర్ పంటికి పూసే ఫ్లోరైడ్ వార్నిష్ కథ ఇంకా నేర్పుతుంది. దానిలో ఫ్లోరైడ్ 22,600 పీపీఎం దాకా ఉంటుంది. 2007లో స్వీడన్‌లో 273 మంది మీద, ఆరు వారాలకోసారి పూసి చేసిన పరీక్షలో వార్నిష్ బృందంలో 7.4 శాతం, మరో బృందంలో 25.3 శాతం మచ్చలు. దాన్ని ఆధారం చేసుకుని 2013 కోక్రేన్ సమీక్ష వార్నిష్ మచ్చల్ని సుమారు 70 శాతం తగ్గిస్తుందని రాసింది. 2019లో అదే సమీక్షను తిరగరాసేసరికి మరో పరీక్ష ఫలితం కలిసింది, పాత ధీమా నిలవలేదు. వార్నిష్ పనికిరాదని తేలలేదు, ఎంత పనిచేస్తుందో గట్టిగా చెప్పలేమని తేలింది. ఇప్పటికే మచ్చలతో వచ్చిన పిల్లలకు, ఎక్కువ పుచ్చు ఉన్నవాళ్లకు డాక్టర్లు ఇప్పటికీ పూస్తారు. నా ఉద్దేశంలో అది సరైనదే.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన అంకె గైగర్ బృందం 1992లో ప్రచురించినది. ఫ్లోరైడ్ మౌత్‌వాష్ ఇచ్చి ఇంటికి పంపిన పిల్లల్లో, కనీసం రోజు విడిచి రోజు పుక్కిలించినవాళ్లు 42 శాతమే. అల్మారాలో ఉన్న సీసా పంటిని కాపాడదు. అందుకే మౌత్‌వాష్‌ను ఒంటరిగా నమ్ముకోకూడదు. బ్రష్ ఎలాగూ రోజూ చేస్తాం కాబట్టి, ముందు పేస్టును సరిగా వాడటం నేర్చుకుని, ఆపైన మౌత్‌వాష్ కలుపుకోవడం తెలివైన వరస.

చేతిలో బ్రష్ ఉన్నప్పుడు

మన అలవాటు ఏమిటంటే, పళ్లు తోముకుని, నాలుక గీసుకుని, గొంతు దాకా నీళ్లు పోసి పుక్కిలించి, కాఫీకి కూర్చోవడం. పంటి మీద పేస్టు ఒక్క నిమిషం కూడా నిలవదు. వరస కాస్త మార్చండి. నాలుక గీసుకోవడం, నోరు కడుక్కోవడం ముందే చేసేయాలి. తిన్నదేమైనా తీగలో ఇరుక్కుంటే నీళ్లతో గట్టిగా పుక్కిలించి ముందే తీసేయాలి. ఆ తర్వాత బ్రష్ చేసి, నురగ ఉమ్మేసి, నీళ్లు పోసుకోకుండా వదిలేయాలి. మొదట్లో నోరు జిడ్డుగా అనిపిస్తుంది, కొన్నాళ్లకు అలవాటవుతుంది.

బ్రష్‌ను తీగకు పైన చిగురు వైపు ఏటవాలుగా పెట్టి ఒకసారి, తీగకు కింద ఏటవాలుగా ఒకసారి, నేరుగా క్లిప్పు మీద ఒకసారి. ఆ తర్వాత తీగ కింద దూరే సన్నని బ్రష్, సీసాలు కడిగే బ్రష్‌ను వేలి గోరంత చేసినట్టు ఉంటుంది, దానితో రెండు క్లిప్పుల మధ్యా పై నుంచి కిందికి. క్లిప్పులు లేనివాళ్లకు 2 నిమిషాలు చాలు, ఉన్నవాళ్లకు 4 పడుతుంది. క్లిప్పు లోహం మెరుస్తూ, దాని అంచులన్నీ విడివిడిగా కనిపిస్తే శుభ్రమైనట్టు. అంచు మసకగా కనిపిస్తే అక్కడ పాచి ఉంది.

రెండు పూటల్లో ఒకటే కుదురుతుందంటే రాత్రిది ఎంచుకోండి. నిద్రలో ఉమ్మి ఊరడం బాగా తగ్గిపోతుంది, ఎనామిల్‌కు రాత్రంతా తోడు ఉండదు. పొద్దున లేవగానే బ్రష్ చేయని తెలుగు ఇల్లు లేదు, రాత్రి చేసే ఇళ్లు మాత్రం తక్కువ. పాలు తాగాక బ్రష్, ఆ తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు.

మచ్చ వచ్చేసిందా?

క్లిప్పులు ఉండగానే కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చూపించండి. శుభ్రత ఎంతకీ కుదరకపోతే చికిత్సను మధ్యలో ఆపి తీగ తీసేయడం కూడా ఒక నిర్ణయమే, దానికి చిన్నబుచ్చుకోనక్కర్లేదు. క్లిప్పులు తీశాక కనిపిస్తే తొందరపడి తెల్లబరిచే చికిత్సలకు పరుగెత్తకండి. పాచి చేరే చోటు పోయింది కాబట్టి, ఉమ్మికీ మామూలు పేస్టుకూ కొన్ని నెలల వ్యవధి ఇస్తే చాలా మచ్చలు కొంత తగ్గుతాయి. ఆ దశలో ముందు పళ్ల మీద బలమైన ఫ్లోరైడ్ దట్టించడం మంచిది కాదని చాలామంది నిపుణుల మాట. పై పొర త్వరగా గట్టిపడి, లోపలి రంధ్రాల్లోకి ఖనిజం చేరే దారి మూసుకుపోతుంది, మచ్చ అలాగే నిలిచిపోతుంది. అప్పటికీ మిగిలినవాటికి, సన్నని రెజిన్‌ను ఆ రంధ్రాల్లోకి ఇంకించి మచ్చ కనిపించకుండా చేసే పద్ధతి ఉంది.

క్లిప్పులు వేయించుకున్న పిల్లలున్న ఇంటికి నా విన్నపాలు రెండు. ఈ రాత్రే బాత్‌రూమ్‌లోని ట్యూబు తిప్పి పీపీఎం అంకె చదవండి, 1000 లేకపోతే రేపే మార్చండి. ఈసారి తీగ మార్పించడానికి వెళ్లినప్పుడు, పాత తీగ తీసి కొత్తది వేయకముందు రెండు నిమిషాలు ఆగమని డాక్టర్‌ను అడిగి, పిల్లవాడిని అక్కడే వాష్‌బేసిన్ దగ్గర బ్రష్ చేసుకోనివ్వండి. తీగ అడ్డం లేకుండా ప్రతి పన్నూ అందే అవకాశం నెలకు అదొక్కసారే. బ్రష్ సంచిలో పెట్టుకుని వెళ్లండి.